ఎర్ర కప్పులో తూటా

గురువారం. మధ్యాహ్నం మూడు గంటల ఏడు నిమిషాలు.

డెప్యూటీ టిష్ మొరేనో అంబులెన్స్ వాళ్ళిద్దరితో కలిసి షాపు తలుపు తోసింది. ఎమ్మెట్ వీడన్ తన పనిబల్ల దగ్గరే ఉన్నాడు. కుర్చీలో కాదు. కుర్చీ పక్కన, నేలమీద.

ఛాతీలో ఒకటే గాయం. తూటా వచ్చింది, ప్రాణం టాటా చెప్పింది. ఆ రెంటికీ మధ్య రెండు మూడు సెకన్లకు మించి పట్టలేదని తర్వాత డాక్టరు రాసింది.

టెక్సస్‌లో కాలీచీ ఫ్లాట్ అనే ఆ చిన్న ఊళ్ళో నలభై నాలుగేళ్ళుగా పిస్టళ్ళకు మెరుగులు దిద్దిన మనిషి ఆయన. గురి కుదరని ప్రతి పిస్టల్‌కూ ఆయనే గురువు.

శుక్రవారం పొద్దుటికి రిపోర్టు తయారైంది. యాక్సిడెంట్. పిస్టల్‌లో తూటా ఉందో లేదో చూసుకోకుండా పనిచేస్తూ మరణించాడు.

ఎనిమిదీ పావుకు ఆ కాగితం పట్టుకుని ఆయన భార్య వెర్నా షెరీఫ్ ఆఫీసుకు వచ్చింది. ఇన్వెస్టిగేటర్ లూథర్ ప్రూయిట్ కాఫీ పక్కన దాన్ని పెట్టింది.

"మనిషి పోయాడు. ఏడవడం నా పని. ఈ 'చూసుకోకుండా' అన్న ముక్క నీ పని, లూథర్. తీసెయ్."

"మిస్ వెర్నా, ఎంత జాగ్రత్తపరుడైనా ఏదో ఒక రోజు..."

"మా పెళ్ళికి మా నాన్న ఓ తుపాకీ బహుమతిగా ఇచ్చాడు. పాస్టర్ ఎదురుగా దాన్ని తెరిచి, ఖాళీ అని తేల్చుకున్నాకే ఈయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ ముక్క అలాగే ఉంటే ఆయన చేసిన ప్రతి పిస్టలూ అజాగ్రత్తగాడి పిస్టలే అవుతుంది. ఇక ఆయనకి మిగిలింది పేరొక్కటే."

లూథర్ కాదనలేకపోయాడు. అతని సొంత పిస్టల్ కూడా ఆ షాపులోనే ఉంది మరి.

మూడు వారాల కింద పదకొండు మార్పుల జాబితా రాసుకుని ఎమ్మెట్ దగ్గరికి వెళ్ళాడు. ఎమ్మెట్ పెన్సిల్ తీసి ఎనిమిది కొట్టేశాడు.

"నీకు కావలసినవి మూడే. గురికి కళ్ళకి ఆనే సైట్లు, వేలు నమ్మే ట్రిగ్గరు, చెయ్యి కొయ్యని అంచులు. మిగతావన్నీ నగలు. నువ్వు దొంగల్ని పట్టుకోవాలా, పేరంటానికి వెళ్ళాలా?"

ట్రిగ్గర్ లోపలి ముక్క గట్టి ఉక్కు కడ్డీ లోంచి కోసి చేయిస్తానన్నాడు. తన వేళ్ళు వణుకుతున్నాయి కనుక ఆ పని రాండల్ చేస్తాడన్నాడు. రాండల్ హోల్కమ్ ఇరవై ఆరేళ్ళుగా ఆయన భాగస్వామి. వాడి చేతులూ తన చేతులేనని ఎమ్మెట్ గర్వంగా చెప్పుకున్నాడు.

తొమ్మిదీ ఇరవైకి లూథర్ షాపులో ఉన్నాడు.

బల్లమీద రెండు పిస్టళ్ళు. ఒకటి ప్రాణం తీసినది. పైనుండే స్లైడు వెనక్కి లాగి ఉంది. తూటాలుండే మ్యాగజీన్ బయట ఉంది. గొట్టం గోడవైపు తిరిగి ఉంది. రెండోది లూథర్‌దే. విప్పి, ముక్కలు ముక్కలుగా. అందులో గోరంత ఉక్కుముక్క ఒకటి భూతద్దం కింద ఉంది.

ప్రాణం తీసిన పిస్టల్ గిల్ ఆషర్‌ది. గిల్‌కు పశువుల దాణా కొట్టుంది, నోరుంది, ఆ రెంటికీ మూతల్లేవు. గురువారం పదకొండింటికి అతను ఎమ్మెట్‌తో పోట్లాడాడని ఊరంతా చెప్పింది. లూథర్ అడిగితే గిల్ కూడా ఒప్పుకున్నాడు. గొట్టానికి కన్నాలు, బంగారు రంగు ట్రిగ్గరు కావాలన్నాడట. నడుముకు పెట్టుకునే పిస్టల్‌కు అవెందుకని ఎమ్మెట్ నవ్వాడట.

"దాణా బస్తాకి లేసు కుట్టిస్తావా అన్నాడండీ. పదిమందిలో. తిట్టాను. నిజమే."

"తిట్టి?"

"పిస్టల్ తూటాలు సరిగ్గా మింగట్లేదు, అదన్నా చూసి ఏడవమన్నా. పరీక్షకని ఎనిమిది తూటాలిచ్చి వెళ్ళిపోయా. తిట్టడం వేరు, కొట్టడం వేరు సార్."

శవాన్ని మొదట చూసింది రాండల్. ఎదురు వీధి డైనర్‌లో భోంచేసి రెండూ యాభై అయిదుకు వచ్చానన్నాడు. మరు నిమిషంలోనే ఫోన్ చేశాడు. ఆ షాపు వెనక రోజంతా పిస్టళ్ళు పేల్చి పరీక్షిస్తారు కాబట్టి పేలుడు విన్నా ఎవరూ తల తిప్పరు.

"ఏమన్నా ముట్టుకున్నావా?"

"లేదు. గుమ్మంలోంచే చూశా. కాళ్ళు కదల్లేదు లూథర్. ఆయన నాకు తండ్రి."

రాండల్ ఏడ్చాడు. లూథర్ తన రుమాలు ఇచ్చాడు.

కారెక్కాక టిష్‌ను అడిగాడు.

"ఆ పిస్టల్ ఖాళీ చేసింది నువ్వేనా?"

"కాదు సార్. అంబులెన్స్ వాళ్ళు."

"వాళ్ళని అడిగాను. నువ్వే అనుకున్నారట."

"నేను బల్లవైపు చూసేసరికే తెరిచి ఉందే."

"వింతగా అనిపించలేదా?"

"ఎందుకనిపిస్తుంది? ఎవరో ఒకరు చేస్తారుగా."

అదీ సంగతి. ఆ కౌంటీలో పిస్టల్ చేతికొస్తే ఖాళీ చేయడం చర్చిలో టోపీ తీయడం లాంటిది. తీసినవాణ్ణి ఎవరూ గమనించరు. తీయనివాణ్ణే గమనిస్తారు. ముగ్గురు చూశారు, ముగ్గురూ పక్కవాడి పుణ్యం అనుకున్నారు. ఆ పుణ్యంలోనే పాపం దాక్కుంది.

గుండెలో గుండు దిగినవాడు లేచి మ్యాగజీన్ తీసి, స్లైడు లాగి, గొట్టాన్ని గోడవైపు తిప్పి మళ్ళీ పడుకోడు.

లూథర్ కారు దిగి మళ్ళీ షాపులోకి వెళ్ళాడు. తూటాలు లెక్కపెట్టాడు. మ్యాగజీన్‌లో ఆరు. పేలింది ఒకటి. అది పేలగానే గొట్టంలోకి ఎక్కిన ఎనిమిదోది ఏది? బల్లమీద లేదు. నేలమీద లేదు. వెర్నాకు ఫోన్ చేశాడు. పిస్టల్‌లోంచి తీసిన తూటాను షాపులో ఎక్కడ పెడతారని అడిగాడు.

తలుపు పక్క అరలో ఎర్ర కప్పులో చూడమంది వెర్నా. పనిబల్ల మీద పేలే తూటా ఉండకూడదన్నది ఎమ్మెట్ పెట్టిన నియమం. బయటివాళ్ళకు ఆ సంగతి తెలియదు.

ఎనిమిదో తూటా అక్కడుంది.

తర్వాత లూథర్ భూతద్దంలోంచి తన పిస్టల్ ముక్కను చూశాడు. చాలాసేపు చూశాడు.

శనివారం ఉదయం పది గంటలకు అందరినీ షాపుకు పిలిచాడు. వెర్నా కుర్చీలో కూర్చుంది. గిల్ గోడకు ఆనుకున్నాడు. టిష్ తలుపు దగ్గర నిలబడింది. రాండల్ కౌంటర్ వెనక, తన చోట.

లూథర్ ఈలోగా నడుముకు పెట్టుకుంటున్న ఇంకో పిస్టల్ తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"మొదలెట్టే ముందు ఓ మాట రాండల్. దీని ముందు సైటు నాకు మసకేస్తోంది. ఏం చెయ్యమంటావు?"

పని పేరు చెబితే రాండల్ ముఖంలోకి నెత్తురొచ్చింది. పిస్టల్ అందుకున్నాడు.

"నలభై దాటాయి కదా నీకు. ఇత్తడి చుక్కున్నది వేస్తే వెలుతుర్లో బాగా..."

నోరు సైటు గురించి మాట్లాడుతోంది. ఎడమచెయ్యి మ్యాగజీన్ తీసింది. కుడిచెయ్యి స్లైడు లాగింది. ఎగిరిన తూటాను గాల్లోనే పట్టుకుంది. రెండడుగులు పక్కకు వేసి, తలుపు పక్క అరలోకి...

టంగ్.

రాండల్ కప్పువైపు చూశాడు. మాట ఆగిపోయింది.

"అది పేలని డమ్మీలే" అన్నాడు లూథర్. "గురువారంది కాదు."

లూథర్ గొంతు పెంచకుండా చెప్పాడు. గిల్ చంపితే తూటా ఈ కప్పులోకి రాదు. ప్రమాదమైతే పిస్టల్ ఖాళీ కాదు. ఈ నియమం ఇద్దరికే ఒంటికి పట్టింది. ఒకాయన నేలమీద ఉన్నాడు. రెండోవాడు పిస్టల్‌ను అలాగే వదిలేసి ఉంటే అది ఎమ్మెట్ పొరపాటుగానే మిగిలిపోయేది. కానీ ఇరవై ఆరేళ్ళు ఆయన చేతుల్ని చూసి నేర్చుకున్న చేతులు. మనసు ద్రోహం చేసింది, చేతులకు ద్రోహం చేతకాలేదు.

"గుమ్మం దాటలేదన్నావు."



లూథర్ జేబులోంచి గోరంత ముక్క తీసి కౌంటర్ మీద పెట్టాడు. దాని అంచున వెంట్రుకంత గీత. అచ్చులో పోసిన ఉక్కుకే ఆ గీత వస్తుంది. కడ్డీ లోంచి కోసినదానికి రాదు. ఇది అరిగితే ట్రిగ్గర్ నొక్కకుండానే పిస్టల్ పేలుతుంది.

"నా నడుముకి పెట్టుకోవలసింది రాండల్ ఇది. నువ్వు నా పెళ్ళికి తోడుపెళ్ళికొడుకువి."

"అందరివీ ఆగిపోతున్నాయి" అన్నాడు రాండల్ నెమ్మదిగా. "ఒక్కో ముక్క కొయ్యడానికి రోజంతా పడుతుంది. నాకూ వేళ్ళు నొప్పులే. మొదట ఒకటి పోతపోసింది వేశా. ఎవరూ కనిపెట్టలేదు. ఆయన ముద్ర ఉంటే చాలు, జనం తెరిచి చూడరు."

నమ్మకానికీ అమ్మకానికీ ఒక్క అక్షరమే తేడా. రాండల్ దాన్ని నాలుగేళ్ళ కింద చెరిపేశాడు. భాగస్వామి కాస్తా దొంగ భాగాల స్వామి అయ్యాడు.

వెర్నా మొదటిసారి నోరు విప్పింది.

"ఎన్ని?"

"అరవై మూడు."

"ఆయనేమన్నాడు?"

"భూతద్దంలో ఈ గీత చూశాడు. తిట్టలేదు మిస్ వెర్నా. తిట్టుంటే బావుండేది. కొన్నవాళ్ళ రిజిస్టర్ తీసి ఫోన్ అందుకున్నాడు. అందరికీ ఇప్పుడే చెప్పెయ్యాలన్నాడు. ఆగమన్నా. ఆగలేదు. వెనక టెస్ట్ బల్లమీద గిల్ పిస్టల్ పరీక్షకని నింపి ఉంది."

టిష్ అతన్ని తీసుకెళ్ళింది. వెర్నా పక్కనుంచి వెళ్తూ రాండల్ ఏదో అనబోయాడు. ఆవిడ కిటికీలోంచి వీధివైపు చూస్తూ ఉండిపోయింది. గిల్ కాసేపు టోపీ చేతుల్లో తిప్పి, తన పిస్టల్‌కు ఆ బంగారు ట్రిగ్గరు ఇక వద్దని ఎవరినీ చూడకుండా చెప్పి వెళ్ళిపోయాడు.

లూథర్ కొత్త రిపోర్టు ఆవిడ ముందుంచాడు. 'చూసుకోకుండా' అన్న ముక్క అందులో లేదు.

వెర్నా రెండుసార్లు చదివింది. మడిచి పర్సులో పెట్టుకుంది.

"ఇప్పుడు ఇదంతా ఊరికి తెలిస్తే పేరేమవుతుందంటావు?"

"షాపు పేరు నిలబడదు, మిస్ వెర్నా. కోర్టు అయ్యేదాకా ఆగొచ్చు. ఎవరికి చెప్పాలో మేం చూసుకుంటాం."

"అంతలో ఒకటి పేలితే?"



ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. రిజిస్టర్ తెరిచి నాలుగేళ్ళ వెనక్కి పేజీలు తిప్పింది. ఫోన్ దగ్గరికి లాక్కుని మొదటి నంబరు నొక్కింది.

"హలో. నేను వెర్నా వీడన్‌ని. మావారి ముద్రున్న పిస్టల్ మీ దగ్గరుంది. దాన్ని నమ్మకండి."