క్రోనిన్‌ల నెత్తురు

శుక్రవారం ఉదయం పాలు పిండి, బురద బూట్లు గుమ్మం దగ్గర విడిచి ఐలీన్ వంటింట్లోకి వచ్చింది. తండ్రి ఫ్లరీ క్రోనిన్ కొత్త చొక్కా తొడుక్కుని టీ తాగుతున్నాడు. ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్లు. ఆదివారం కెన్‌మేర్ ఊళ్లో క్రోనిన్ ఇంటిపేరు వాళ్లంతా కలుస్తున్నారు. జెండా పట్టుకుని ముందు నడిచేది ఆయనే.

"ఇప్పుడే వేసుకుంటే ఆదివారానికి టీ మరకలే మిగుల్తాయి," అంది తల్లి పెగ్, రొట్టె కోస్తూ.

"నీకేం తెలుసే! పుట్టింటి పేరు గుమ్మంలోనే వదిలేసి వచ్చినదానివి."

"వదిలినందుకు దొరికిందేగా ఈ భాగ్యం," అంది పెగ్.

ఐలీన్ నవ్వింది. అంతలోనే సోమవారం గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది. నలభై ఎకరాల పొలమూ ఆవులూ తన తమ్ముడి కొడుకు డెక్లన్ పేర రాస్తూ ఫ్లరీ సోమవారం లాయరు దగ్గర సంతకం పెడుతున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ పొలం చూసుకునేది ఐలీనే. కానీ ఆమె స్కూలు బస్సు నడిపే ఫోలీకి భార్య. నేల క్రోనిన్‌ల చేతుల్లోనే ఉండాలని ఫ్లరీ పట్టు. డబ్లిన్‌లో పెరిగిన డెక్లన్ ఆవుని చూస్తే నాలుగడుగులు వెనక్కి వేస్తాడు. అయినా పేరు కనబడినంతగా మనిషి కనబడని తండ్రులకు ఎవరు చెప్పగలరు?

ఐలీన్ ఫోనుకి మెసేజ్ వచ్చింది. కలయిక పెద్దలు రెండు నెలల కిందట మగవాళ్లందరి దగ్గరా డీఎన్ఏ పరీక్షకి నమూనాలు తీసుకున్నారు. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే గుర్తులను పోల్చి, ఎవరు ఏ శాఖవాళ్లో తేలుస్తారట. ఫ్లరీ బుగ్గ లోపల బ్రష్‌తో గీకి, డబ్బాలో పెట్టి, అందరికన్నా ముందు పంపాడు. ఆ ఫలితమే ఇప్పుడు వచ్చింది. ఐలీన్ రెండుసార్లు చదువుకుంది.

"నాన్నా, ముప్ఫై మంది క్రోనిన్‌లలో ఒక్కరితోనూ నీది కలవలేదు. కలిసినవాళ్లంతా షే ఇంటిపేరు వాళ్లు."

"డబ్బాలు తారుమారు చేసి ఉంటారు వెధవలు."

"రెండోసారి కూడా చూశారట."

ఫ్లరీ కప్పు కింద పెట్టాడు. "నేను అచ్చం మా నాన్న పోలికే. అంటే మా నానమ్మ..." అని ఆగిపోయాడు.

నానమ్మ నోరా ఆయన కళ్ల ముందు కదిలింది. పొయ్యిలో కాల్చే పీట్ మట్టి పొగ వాసన వేసే నల్ల శాలువా, వెన్న చిలికి చిలికి గట్టిపడ్డ అరచేతులు. చలికాలం బడికి బయలుదేరేముందు వేడి బంగాళాదుంప ఒకటి జేబులో పెట్టి, "చేతులు కాచుకో, ఆకలేస్తే తినెయ్," అనేది. తాత పొయ్యి పక్కన పైపు కాలుస్తూ ఆవిడకేసి చూసి నవ్వేవాడు. ఆ నానమ్మని ఇప్పుడు ఏమని అనుకోవాలి?

ఆ బాధంతా కూతురి మీదికి తిరిగింది.

"పొలం రావట్లేదని నన్నూ చచ్చిపోయినవాళ్లనీ బజారుకీడుస్తున్నావా?"

ఐలీన్ ముఖం పాలిపోయింది. "ఆ డబ్బా పోస్టు చెయ్యమని నా చేతికిచ్చింది నువ్వే నాన్నా," అని, బూట్లు తొడుక్కుని వెళ్లిపోయింది.

"బాగుందయ్యా," అంది పెగ్. "తెల్లారుజామునే లేచి నీ ఆవుల కింద కూర్చునేదాన్ని బాగా సత్కరించావు."

ఫ్లరీ చొక్కా విప్పి కుర్చీ మీద పడేశాడు.

ఐలీన్ వెళ్లింది చర్చి ఆఫీసుకి. మధ్యాహ్నం తిరిగొచ్చి, పాత పెళ్లిళ్ల పుస్తకంలోని పేజీ నకలు తండ్రి ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు సర్దుకుని వేలితో ఒక్కో పేరూ చదివాడు. 1909. పెళ్లికూతురు హనోరా క్రోనిన్, అంటే నానమ్మ నోరాయే. పెళ్లికొడుకు థామస్ షే.

"పుట్టింటి పేరే క్రోనినా?"

"అవును నాన్నా. అన్నలందరూ బోస్టన్ వెళ్లిపోతే ఈ పొలం దున్నింది ఆవిడే. తాత ఇల్లరికం వచ్చాడు. ఊరంతా ఆయన్ని ఈ ఇంటిపేరుతోనే పిలిచింది. బడిలో మాస్టారు కూడా మీ నాన్నని క్రోనిన్ అనే రాసుకున్నాడు. తర్వాత అన్ని కాగితాల్లోకీ అదే ఎక్కింది."

"అయితే ఆవిడ ఏ తప్పూ చెయ్యలేదు," అన్నాడు ఫ్లరీ. పొద్దుటి నుంచీ బిగబట్టుకున్న ఏడుపు బయటికొచ్చింది. అలా ఏడ్చి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

పెగ్ ఆయన వీపు నిమిరింది. "ఆడపిల్ల ఈ నేలని పట్టుకుని ఉండకపోతే ఈ ఇంట్లో నువ్వూ లేవు, నీ పేరూ లేదు. ఇప్పుడైనా అర్థమైందా?"

ఫ్లరీ ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి బల్ల మీద పెట్టాడు. తర్వాత లేచి లాయరుకి ఫోన్ చేశాడు. "సోమవారం వస్తాను. రాసిన కాగితం చించెయ్యండి. నా కూతురి పేర రాయాలి. అవును, ఐలీన్ ఫోలీ. ఫోలీ అనే రాయండి."

ఫోను పెట్టేసి కూతురి కేసి తిరిగాడు. "పొద్దున అనరాని మాట అన్నాను తల్లీ. అది సరే, ఇరవై ఏళ్లలో ఒక్కసారైనా నాకివ్వమని అడగలేదేం?"

"అడిగితే ఇస్తావని తెలుసు నాన్నా," అంది ఐలీన్ కళ్లు తుడుచుకుంటూ. "అడక్కుండా ఇస్తావేమోనని చూశాను."