మూడో కోట స్కోరు

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు, కంటికి భూతద్దం బిగించుకుని ఒక పాత చేతిగడియారం మీద వంగి ఉన్న గడియారాల మెకానిక్‌ను వెనకనుంచి కాల్చారు. సైలెన్సర్ వాడారు. పక్క కొట్టువాడికి వినిపించినది స్క్రూలూ స్ప్రింగులూ నేలమీద చెదిరిన చప్పుడు మాత్రమే. వెనకనుంచి కాల్చడమన్నది ఇక్కడ చిన్న వివరం కాదు. తక్కిన కథంతా దాని నుంచి వచ్చింది. అది మాత్రం మూడేళ్ల కిందటి ఒక దయ నుంచి వచ్చింది.

మూడున్నరకు డిపార్ట్‌మెంట్ చీఫ్, మెకానిక్ తమ్ముణ్ణి పిలిపించాడు. అన్నలాగే తమ్ముడూ ఏజెంటే. సర్వీసులో ఇరవై ఏళ్లు నిండినా అందరికీ 'చిన్నోడే'.

"కూర్చో."

"నిలబడే వింటాను సార్."

"విదేశీ ముఠాలో మీ అన్నకు ఒక మనిషి ఉంది. కోడ్‌నేమ్ పిచ్చుక. మనలో ఎవరూ ఆమె ముఖం చూడలేదు. వారానికోసారి ఆరింటికి, రిపేరు వంకతో కొట్టుకు వస్తుంది. ఇవాళ వచ్చే రోజు. వీధిలో ముఠావాళ్లు కాపు కాశారు. తమలో ఎవరో కబుర్లు మోస్తున్నారని వాళ్లకు తెలుసు, ఎవరో తెలీదు. తెలిసిన ముఖం అక్కడ కనబడిందంటే, అంతే."

"మనం ముందే ఆపలేమా?"

"ఎవర్ని ఆపుతావురా? వందమంది నడిచే వీధి. ముఖం తెలిసినవాళ్లు వాళ్లు, తెలియనివాళ్లం మనం. అయిదున్నరకు ఇల్లు వదులుతుంది. అంతకుముందే ఫోన్ చెయ్యాలి."

"నంబరెక్కడ?"

చీఫ్ ఒక చీటీ జరిపాడు. అన్న చేతిరాత. 'పిచ్చుక నంబరు తమ్ముడికి తెలుసు. మూడో కోట దాటాక వచ్చే స్కోరే అది.'

చిన్నోడు చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీ చిన్నప్పటి వీడియోగేమ్ మిషన్‌ను కొట్టులో పగలగొట్టి పోయారు," అన్నాడు చీఫ్. "కాపీ మన సర్వర్‌లో ఉంది. టెక్నికల్ సెక్షన్ నుంచి పగడం వస్తుంది, ఫోన్‌లో, పాత మిషన్‌ను అనుకరించే ఎమ్యులేటర్ మీద ఆడిస్తుంది. ఇక్కడి లైన్ల మీద ముఠా చెవి ఉంది. మనం నడిపే లాండ్రీ వెనక గదికి పో. ఇంకొకటి. మూడేళ్ల కిందట ముఠా మనిషి ఒకామె మెట్ల మీద మీ అన్న తుపాకీకి దొరికీ తప్పించుకుంది. వీపు తప్ప ముఖం చూడలేదన్నాడు. ఎందుకు కాల్చలేదంటే నోరు విప్పలేదు. నీకేమన్నా చెప్పాడా?"

"లేదు సార్."

చెప్పలేదన్నది నిజమే. చెప్పనక్కర లేకుండానే తెలుసన్నదీ నిజమే. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలకూ ఆట మిషన్ ఒక్కటే ఉండేది. అన్న ఆడేవాడు, తమ్ముడు అన్న భుజం మీద గడ్డం ఆనించి చూసేవాడు. కత్తివీరుడు నాలుగు కోటలు దాటాలి. దారిలో కొందరు కాపలావాళ్లు వీపు తిప్పి నిలబడి ఉంటారు. అన్న వాళ్లను కొట్టేవాడు కాడు. వదిలేసిన వాళ్లంతా నాలుగో కోటలో ఒక్కసారిగా ఎదురయ్యేవారు. వీరుడు చచ్చేవాడు.

"అందుకే నువ్వెప్పుడూ గెలవవన్నయ్యా."

"గెలవకపోతే ఏం, మళ్లీ ఆడొచ్చుగా."

అడుగులన్నీ కంఠతా వచ్చాయి గనుక మూడో కోట దాటేసరికి స్కోరు ఎప్పుడూ ఒకటే. ముప్పై ఏళ్లలో తమ్ముడు ఆ అంకెను మరిచిపోయాడు. అన్న మరిచిపోలేదు, సరిగ్గా ఆ నంబరే ఇప్పించమని టెలిఫోన్ ఆఫీసు చుట్టూ ఆరు నెలలు తిరిగాడు.

నాలుగు నలభైకి, ఇస్త్రీవాడి ఏప్రన్ కట్టుకున్న చిన్నోడు లాండ్రీ వెనక గదిలో ఉన్నాడు. హ్యాంగర్లకు ముప్పై తెల్లచొక్కాలు. గోడకు పాత ల్యాండ్‌లైన్. పగడం తలుపు తోసుకుని వచ్చేసరికి ఆవిరి వాసనలోంచి సెంటు వాసన తేలింది. ఏడాదిగా ఆమె నడిచి వెళ్తుంటే డిపార్ట్‌మెంట్‌లో ఫైళ్లు చదివేవాళ్లు వరసలు తప్పేవారు. మెడలో ఎర్రరాయి లాకెట్.

"మీ అన్నగారి సంగతి విన్నాను. సారీ."

"ఆట పెట్టండి మేడం."

ఫోన్ తెర మీద ఆ పాత కోట లేచింది. అదే సంగీతం. వేళ్ల కింద మాత్రం బటన్లు లేవు, నున్నటి గాజు. బొటనవేలు జారింది. వీరుడు మొదటి గోతిలోనే పడ్డాడు. రెండోసారి గోతి దాటి ఈటెకు గుచ్చుకున్నాడు.

"కంగారు పడకండి. సేవ్ స్టేట్ ఉంది, చచ్చిన చోటి నుంచే మొదలుపెట్టొచ్చు."

"మంచి సదుపాయమే," అన్నాడు చిన్నోడు. అన్నయ్యకు ఎవరూ ఇవ్వలేదది.

మూడోసారి మొదటి కోట బురుజు ఎక్కాడు. ఆ చివర ఒక కాపలావాడు వీపు తిప్పి నిలబడ్డాడు. గాజు మీద వేలు ఒక క్షణం తడబడింది.

"వాణ్ణి కొట్టకండి!" అంది పగడం. "వెనక్కి తిరిగాడుగా, వదిలెయ్యాలి."

చిన్నోడు వదిలేశాడు. వీరుడు ముందుకు పరుగెత్తుతూనే ఉన్నాడు. గదిలో మాత్రం ఏదో ఆగిపోయింది. ఆ నియమం ఇద్దరు పిల్లలది. చీటీలో లేదు. చీఫ్‌కు తెలీదు. అన్న మూడోమనిషికి దాన్ని చెప్పి ఉంటే, అది తుపాకీ దించుతూ, మెట్ల మీద, ఒక వీపుతో చెప్పి ఉండాలి.

తెర వైపు వంగినప్పుడు ఆమె లాకెట్ రాయి చిన్నగా మెరిసింది. కెమెరా. కిటికీ అవతల ఇంజన్ ఆపని కారు ఒకటి. ఇప్పుడు నోరు తెరిస్తే ఫోనూ పోతుంది, తనూ పోతాడు, పిచ్చుకా పోతుంది. ఆట ఆపితే టైము పోతుంది. గెలిస్తే నంబరు వాళ్లకూ చేరుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చేతిలో పిల్లల ఆట.

అయిదూ పదికి రెండో కోట దాటింది. మూడో కోట హాలులో ఆరుగురు ఒక్కసారి దూకారు. వాళ్ల కత్తులు తెర మీద నీళ్లలా కదిలాయి. చిన్నోడు అప్పుడు గమనించాడు. పాత మిషన్ ఇక్కడ ఆయాసపడేది. ఆరుగురిని మోయలేక ఆట నత్తనడక నడిచేది, తెర మూల ఉన్న గడియారం మాత్రం తన వేగాన తాను పోయేది. అన్న చేతిగడియారం పెట్టి మరీ లెక్కగట్టాడు: ఆ హాలులో ప్రతిసారీ పది సెకన్లు దండగ. మిగిల్చిన ప్రతి పది సెకన్లకూ వెయ్యి పాయింట్లు బోనస్. కొత్త ఫోనుకు ఆయాసం లేదు గనుక స్కోరు వెయ్యి ఎక్కువ చూపిస్తుంది.

అది సరిచేసే సెట్టింగు ఎక్కడో ఉండే ఉంటుంది. చిన్నోడు అడగలేదు.

కోట ద్వారం తెరుచుకుంది. 482600.

"వచ్చేసింది!" పగడం లాకెట్ సవరించుకుంది. "మీరు కాల్ చెయ్యండి. నేను చీఫ్‌కు చెప్పి వస్తాను."

"మంచిది మేడం."

ఆమె చొక్కాల వరస మధ్యనుంచి తలుపు వైపు నడిచింది. తొందర లేని నడక, నిటారు వీపు. చిన్నోడు ఏప్రన్ కింద పిస్టల్ తీశాడు. ఆరడుగుల దూరం. ఇదే వీపును అన్న వదిలాడు. ఆ వీపే తిరిగి వచ్చి అన్న వీపును కాల్చింది. కారణమూ ఫలితమూ చొక్కాల మధ్య అంత స్పష్టంగా నడిచిపోతుంటే వేలు మాత్రం కదల్లేదు. తలుపు మూసుకుంది.

అయిదూ ఇరవై ఏడు. అతను 481600 తిప్పాడు.

నాలుగో రింగుకు ఒక ఆడగొంతు. "నా గడియారం బాగైందా?"

"కొట్టు మూసేశారమ్మా."



"ఎప్పుడు తెరుస్తారు?"

"తెరవరు."

"ఆయన గొంతులాగే ఉంది మీది," అని ఆమె ఫోన్ పెట్టేసింది. ఆ నంబరు మళ్లీ ఎన్నడూ పలకలేదు. ఆరింటికి గడియారాల వీధిలో ముఠాకు తెలిసిన ముఖం ఒక్కటీ కనబడలేదు.

482600 కరెంటు ఫిర్యాదుల నంబరని తర్వాత తెలిసింది. అందులో చిన్నోడి తెలివేమీ లేదు. ఎత్తే నాథుడు లేని ఆ ఫోన్‌ను ముఠావాళ్లు పన్నెండు నిమిషాలు చెవికి ఆనించుకుని కూర్చున్నారు.

ఏడింటికి చీఫ్ రిపోర్టు చదివాడు. "తప్పుడు నంబరు చేరాలని పగడాన్ని పోనిచ్చావు. బాగానే ఉంది. కారణం ఇదేనా?"

"రిపోర్టులో అదే రాశాను సార్."

"మళ్లీ వస్తుందిరా."

"వస్తుంది సార్. వదిలేసినవాళ్లంతా నాలుగో కోటలో వస్తారు."

"దాన్నెలా దాటతారు?"

చిన్నోడు అన్న చీటీని తీసి మడత విప్పి చూశాడు. మూడో కోట తర్వాత అందులో ఏమీ రాసి లేదు.

"తెలీదు సార్. మా ఇంట్లో అంతదాకా ఎవరూ బతకలేదు."