సూదులు లేని తల

"తెల్ల కాఫీలో పంచదార తక్కువైంది," అంది ఫోన్‌లో గొంతు.

"పాలడబ్బా కొత్తది తెరిపించండి," అన్నాడు అజ్రుల్.

సంకేతం సరిపోయింది. అవతల ఉన్నది అతని గూఢచారి విభాగం చీఫ్ రొహానీ.

"టైమ్ పది ఐదు. కల్సుమ్ పిన్నికి పదకొండింటికి బ్రెయిన్ ఆపరేషనట. నిన్న ఆసుపత్రికి తీసుకెళ్లింది నువ్వే కదా?"

"బాత్రూమ్‌లో జారిపడితే స్కాన్ తీయించాను మేడమ్. బాగానే ఉంది. దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉంది."

"కౌలాలంపూర్‌లో డాక్టర్లు స్క్రీన్ మీద కణితి చూశారు. ఆవిడ గుండె అసలే అంతంత మాత్రం. మత్తిస్తే మళ్లీ లేవదు. నాకెందుకో ఆ కణితి మీద నమ్మకం లేదు. తేల్చు."

ఫోన్ కట్టయింది.

డెబ్బై ఒక్కేళ్ల కల్సుమ్ ఒకప్పుడు నాటకాల్లో పాటలు పాడింది. ఇప్పుడు ఇపో ఊళ్లో, తన వీధి ఆడవాళ్లకు ఖురాన్ చదవడం నేర్పుతోంది. ఒక విదేశీ గూఢచారి ముఠా నాయకుడు మారుపేరుతో ఆవిడ మేడ మీద రెండు నెలలు అద్దెకున్నాడు. వాడి ముఖం తెలిసిన సాక్షి ఆవిడొక్కతే. సోమవారం కోర్టు. ఆరు వారాలుగా కాపలా కాస్తున్న అజ్రుల్‌కు ఆవిడ రోజూ కొబ్బరన్నం పెట్టి, పెళ్లెప్పుడు చేసుకుంటావంటూ చీవాట్లు కూడా వడ్డించేది. ఆ మనిషిని నా చేతులతోనే చావుకు అప్పగించానా అనుకుంటూ అతను ఆసుపత్రికి బయల్దేరాడు.

పది ఇరవైకి, కంప్యూటర్లు బాగుచేసేవాడి యూనిఫామ్‌లో ఆసుపత్రిలో ఉన్నాడు. చేతికి కెమెరా వాచీ.

స్కాన్ ఫిల్ములన్నీ అటకెక్కి అప్పటికి నెల అయింది. ఇపోలో తీసిన బొమ్మ ఇప్పుడు రెండు నిమిషాల్లో నలభై మూడు ఆసుపత్రుల్లో కనిపిస్తుంది. ఆ సిస్టమ్ పెట్టిన కంపెనీ మనిషి మార్లీన్. ఊదారంగు సిల్కు, ఎత్తు మడమల చెప్పులు, పెరిగిందంతా విదేశాల్లో. ఆ విదేశీ ముఠాలో చేరి రహస్యంగా అజ్రుల్ ఆఫీసుకు కబుర్లు చేరవేసేది కూడా ఆవిడే.

"పిన్ని స్కాన్‌ని దారిలో ఎవరైనా మార్చి ఉంటారా మార్లీన్?"

"ఛాన్సే లేదు డార్లింగ్. ఒకసారి లోపలికెళ్లిన బొమ్మని దేవుడు కూడా చెరపలేడు. నువ్వే చూడు, ఎంత క్లీన్‌గా ఉందో! ఒక్క గీత లేదు."

అజ్రుల్ వాచీతో స్క్రీన్‌ను ఫొటో తీసి, కింది అంతస్తుకు పరుగెత్తాడు. నిన్న స్కాన్ తీసిన టెక్నీషియన్ సెనా అక్కడుంది. ముప్పై ఏళ్ల సర్వీసు.

ఫొటో చూడగానే ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇది కల్సుమక్క తల కాదు."

"పళ్లు, ముక్కు అన్నీ ఆవిడవే కదక్కా?"

"అయితే ఎవరో తుడిచారు."

"ఏం తుడిచారు?"

"చెప్పకూడదు తమ్ముడూ. మేమెవ్వరం చెప్పం. రిపోర్టులో కూడా రాయం."

"అరగంటలో మనిషి పోతుందక్కా!"

సెనా తలుపు మూసి వచ్చింది. "సుసుక్," అంది గుసగుసగా.

అజ్రుల్‌కు ఇంకేం చెప్పక్కర్లేదు. అందం తరగకూడదని, గొంతు తగ్గకూడదని, మంత్రగాడితో ముఖం చర్మం కింద పెట్టించుకునే సన్నటి బంగారు సూదులు. మతం ఒప్పుకోదు, పెట్టించుకున్నవాళ్లు కట్టుకున్నవాడికి కూడా చెప్పరు. ఎక్స్‌రే గదిలోవాళ్లు మాత్రం చూస్తారు, చూసి ఊరుకుంటారు.

"నుదుట్లో నాలుగు, దవడల్లో రెండేసి. నిన్న నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఒట్టేశాను."

సూదులు బయట కనబడవు, స్కాన్‌లో దాగవు. కణితి అతికించిన మనిషికి వాటి సంగతి తెలియదు. మెషీన్ లోపమనుకుని శుభ్రంగా తుడిచేసింది. ఒక్క గీత లేదని మురిసిపోయింది కూడా.

"చక్రాల ఎక్స్‌రే మెషీన్ ఎక్కడుందక్కా? పద!"

పది యాభై ఆరు. ఆపరేషన్ థియేటర్‌లో కల్సుమ్ తల అప్పటికే గొరిగేశారు. మత్తు సిరంజి చేతి గొట్టానికి తగిలించి ఉంది.

"ఎవడివయ్యా? చెప్పులతో లోపలికొస్తావా?" సర్జన్ అరిచాడు.

అజ్రుల్ కార్డు చూపించాడు. "ఒక్క ఎక్స్‌రే డాక్టర్. ముఖంలో సూదులు లేకపోతే నన్ను జైల్లో వేయించండి."

సెనా ఎవరి ముఖమూ చూడకుండా మీట నొక్కింది.

మెషీన్ స్క్రీన్ మీద పుర్రె తేలింది. అందులో ఎనిమిది తెల్లటి సూదులు. సర్జన్ పక్క స్క్రీన్‌లోని స్కాన్ చూశాడు. ఒక్కటీ లేదు.

"మరి ఈ కణితి ఎవరు పెట్టారు?" అని, తానే సిరంజి ఊడదీశాడు. పది యాభై తొమ్మిది.

అజ్రుల్ ఫోన్ చేయగానే గేటు దగ్గర చీఫ్ మనుషులు మార్లీన్‌ను పట్టుకున్నారు; ఆవిడ అసలు పనిచేసింది ముఠాకే. చెప్పు మడమలో అసలు స్కాన్ ఉన్న చిప్ దొరికింది. "అవి సూదులా?" అందట.

బల్ల మీద కల్సుమ్‌కు తెలివి ఉంది. అంతా విన్నది. దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

"ఎంతమంది చూశార్రా?"

"ఈ గదిలోవాళ్లమే పిన్నీ."

"నా దగ్గర చదువుకునే ఆడవాళ్లకి తెలిస్తే నా గుమ్మం తొక్కరు. కోర్టుకొస్తాలే, చెప్పాల్సింది చెప్తా. ఆ ఫొటో మాత్రం చెరిపెయ్ నాయనా."

స్క్రీన్ మూలన పచ్చటి అక్షరాలు వెలిగాయి: "నలభై మూడు ఆసుపత్రులకు అందింది."

అజ్రుల్ స్క్రీన్‌ను గోడవైపు తిప్పాడు. సెనా తల వంచుకుంది.

"చెరిపేశాను పిన్నీ," అన్నాడు.

పన్నెండేళ్ల సర్వీసులో అతను ఎన్ని అబద్ధాలాడాడో ఆఫీసులో ఫైలుంది. ఇదొక్కటీ అందులోకి ఎక్కలేదు.