శాంతమ్మ మేడమ్ చేతిలో రాకెట్

"ఏమప్పా, నా రాకెట్‌కు జాకెట్ కుట్టిస్తాండావా?"

నంద్యాల టెన్నిస్ కోర్టులో, బెంచీ మీదున్న రాకెట్‌కు టేపు పట్టి కొలుస్తున్న హరీష్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. తెల్ల టోపీ, చెమట పట్టిన ముఖం, నడుం మీద చేతులు. ఆ కోర్టులో పిల్లలకు ఆట నేర్పే కోచ్ వర్షిణి.

"కాదు మేడమ్. నా పేరు హరీష్. మాది ఆళ్లగడ్డ. శాంతమ్మ మేడమ్ విగ్రహం చెక్కుతాండా. చేతిలో రాకెట్ ఏ సైజు పెట్టాలో తెలీక..."

వర్షిణి నవ్వు సగంలో ఆగిపోయింది.

శాంతమ్మ మేడమ్ రాష్ట్రానికి ఆడిన మనిషి, స్కూల్లో డ్రిల్ టీచరు. ముళ్లకంపలు పెరిగిన స్థలాన్ని చదును చేయించి ఆ కోర్టు కట్టించింది ఆమే. వర్షిణికి ఆట నేర్పిందీ ఆమే. నిరుడు చనిపోయింది. గేటు పక్కన ఆమె రాతి విగ్రహం నిలబెట్టాలని పాత శిష్యులంతా కలిసి కమిటీ వేసుకున్నారు.

హరీష్ ఫోన్ తీసి మట్టి నమూనా ఫోటో చూపించాడు.

"చేతిలో ఇదేందీ? దోసె పెనమా?"

"రాకెట్."

"నిజం రాకెట్ ఎప్పుడైనా పట్టుకున్నావా?"

"లేదు. టీవీలో చూసినా."

"టీవీలో చూసి రాయిలో చెక్కేస్తావా?"

"దేవుణ్ని టీవీలో కూడా చూడలేదు మేడమ్. ఐనా చెక్కుతాండాం గదా."

వర్షిణికి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది.

"సరే, ఇట్ల రా. నీకు సరిపోయే రాకెట్ చూద్దాం. అప్పుడు తెలుస్తాది."

గోడ వెంబడి చిన్నవీ పెద్దవీ రాకెట్లు వరుసగా వేలాడుతున్నాయి. వర్షిణి ఒక పొట్టి రాకెట్ తీసి అతని చేతికిచ్చింది.

"చెయ్యి కిందికి వదిలి నిటారుగా నిలబడు. కొన యాడికి వచ్చింది?"

"నేలకు చానా పైనుంది."

"అది ఐదారేళ్ల పిల్లోళ్లది. ఈ చిన్న సైజులన్నీ పిల్లోళ్లకే. కొన నేలకు అట్ల తాకీ తాకనట్టు ఉండాల. పెరుగుతారులే అని అమ్మానాయనలు పెద్దది కొనిస్తారు. బరువుకు మోచెయ్యి పోతాది, ఆట మీద మనసూ పోతాది. పెద్దోళ్లకైతే పొడుగు ఒకటే, ఇరవై ఏడు అంగుళాలు. పిడి లావు చూసుకోవాల, అంతే."

ఈసారి పెద్ద రాకెట్ ఇచ్చింది. హరీష్ గదలాగా బిగించి పట్టుకున్నాడు.

"ఒదులు చెయ్యప్పా, అదేం పారిపోదు." అతని వేళ్లకూ అరచేతికీ మధ్య మిగిలిన సందులోకి వర్షిణి తన చూపుడువేలు పెట్టింది. "ఈడ ఒక వేలు పట్టాల. పట్టకపోతే పిడి సన్నం. వేలు దూరి ఇంకా చోటు మిగిలితే పిడి లావు."

"పట్టిందా?" అన్నాడు హరీష్.

"పట్టింది." వేలు వెనక్కి తీసుకోవడానికి ఆమె కొంచెం ఆలస్యం చేసింది. "చెయ్యేందీ, రాయి మాదిరి ఉండాది?"

"రాయితోనే గదా సావాసం."

"పట్టుకోవడం అయింది. ఇంక కొట్టేది ఎట్లనో చూడు."

వర్షిణి గీత దగ్గర నిలబడి బంతి పైకి ఎగరేసింది. మడమలు లేచాయి, వీపు విల్లులా వంగింది. ఆ తర్వాత ఏం జరిగిందో హరీష్‌కు కనపడలేదు. అవతల కంచెకు బంతి తగిలిన చప్పుడు మాత్రం వినిపించింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ సుత్తి దెబ్బల మధ్య పెరిగినవాడు. దెబ్బ ఇంత అందంగా ఉండగలదని అతనికి తెలియదు. నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇంకొకసారి కొట్టవా?"

"ఇందాక మేడమ్, మేడమ్ అంటివి. ఆ మేడమ్ యాడికి పోయింది?"

"బంతితో పాటు పోయింది."

అంతలో టపటపా చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ రేకుల షెడ్డు కిందికి పరిగెత్తారు. వాన తగ్గేదాకా వర్షిణి మేడమ్ గురించి చెబుతూనే ఉంది. ఆమె పోయాక ఇన్నాళ్లలో ఎవరితోనూ అంతసేపు చెప్పలేదు. హరీష్ ఒక్క మాట అడ్డం రాకుండా విన్నాడు.

వెళ్లేముందు అన్నాడు. "నాయన తోడు లేకుండా నేను చేస్తాండే మొదటి విగ్రహం ఇది. మీరొకసారి వచ్చి చూస్తే..."

"మళ్లా మీరా?"

"నువ్వొచ్చి చూస్తే."

"వస్తాలే."

మరుసటి ఆదివారం వర్షిణి ఆళ్లగడ్డలో బస్సు దిగింది. దారి పొడుగునా ఉలి చప్పుళ్లు, గాలిలో తెల్లటి రాతిపొడి. ఒక బండలోంచి నంది మూతి వరకే బయటికి వచ్చింది. ఇంకో బండలో అమ్మవారి చెయ్యి ఒక్కటే కనపడుతోంది, లోపలి నుంచి తలుపు తోస్తున్నట్టు. ఆమె అడుగులు వాటంతట అవే మెల్లబడ్డాయి. బాటపక్కన ఇంతమంది దేవుళ్లు పుడుతుంటే చెప్పులతో నడవొచ్చో లేదో కూడా తెలియలేదు.

షెడ్డులో హరీష్ గోనెపట్ట తీశాడు.

నల్లరాయిలో శాంతమ్మ మేడమ్ నిలబడి ఉంది. కళ్లు ఇంకా చెక్కలేదు. అయినా ఆమే. తల కొంచెం కిందికి వంచి ఉంది.

వర్షిణి విగ్రహం దగ్గరికి నడిచింది. "తల అట్ల వంచమని నీకెవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. ఫోటోలో నిటారుగానే ఉండాది. చెక్కుతాంటే ఆయమ్మ ఎవరితోనో కిందికి చూసి మాట్లాడతాండాదేమో అనిపించింది."

"మాతోనే. మేము ఇంత ఎత్తు ఉంటిమి." నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎప్పుడూ చూడని మనిషిని ఇతను రాయిలో ఎలా కనుక్కున్నాడు?

విగ్రహం చేతి దగ్గర మాత్రం రాయి ఇంకా ముద్దగానే ఉంది. దాని మీద సుద్దతో పెద్ద రాకెట్ గీసి ఉంది. వర్షిణి కళ్లు తుడుచుకుని ఆ గీతల వైపు చూసింది.

"ఇది తప్పు హరీష్."

"నువ్వు చెప్పిన సైజే గదా!"

"పెద్దోళ్ల సైజు అదే. కానీ మేడమ్ మాకు బంతులు వేసేటప్పుడు పిల్లోళ్ల రాకెట్టే పట్టుకుంటుండె. కొత్తగా వచ్చిన బిడ్డకు ఆ చేతిలోదే తీసి ఇస్తుండె. తల పిల్లోళ్ల వైపు వంచి, చేతిలో పెద్ద రాకెట్ ఎందుకు?"

హరీష్ అప్పుడే కమిటీ పెద్ద వెంకటేష్‌కు ఫోన్ చేసి చిన్న రాకెట్ పెడదామన్నాడు. అవతలి గొంతు షెడ్డంతా వినిపించింది.

"రాష్ట్రానికి ఆడినామె చేతిలో ఆటబొమ్మ పెడతావా? డ్రాయింగ్‌లో ఉండేది చెయ్యప్పా. లేదంటే విగ్రహం మీ ఊర్లోనే పెట్టుకో."

పక్కన ఉలికి పదును పెడుతున్న తండ్రి పుల్లయ్య తలెత్తాడు. "రాయిని తగ్గించొచ్చు, మళ్లా పెంచల్యాం. చిన్నది చేస్తే అంతే ఇంక. ఆలోచించుకో."

హరీష్ విగ్రహాన్ని చూశాడు. వర్షిణిని చూశాడు. తడిగుడ్డ తీసుకుని సుద్దగీతలు తుడిచేశాడు.

"చిన్న రాకెట్ యాడుంది? కొలత కావాల."

వర్షిణి బ్యాగులోంచి తీసి ఇచ్చింది. అడుగుతాడని ఆమె తెచ్చుకునే వచ్చింది.

పని అయ్యేదాకా ప్రతి ఆదివారం వర్షిణి ఆళ్లగడ్డ బస్సెక్కుతూనే ఉంది. ఆవిష్కరణ రోజు కోర్టు నిండిపోయింది. వెంకటేష్ పూలదండతో ముందుకొచ్చి, హరీష్ అప్పటిదాకా ఎవరినీ విప్పనివ్వని తెర లాగాడు. చిన్న రాకెట్ కనపడగానే అతని ముఖం ఎర్రబడింది. జనంలో గుసగుసలు లేచాయి. వర్షిణి వచ్చి హరీష్ పక్కన నిలబడింది.

వెంకటేష్ ఏదో అనబోయి విగ్రహం ముఖంలోకి చూశాడు. ఆ కళ్లు కింద ఎవరినో చూస్తున్నాయి. తెలియకుండానే అంత పెద్దమనిషీ విగ్రహం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇప్పుడు ఆ చూపు నేరుగా అతని మీద పడింది. గుసగుసలు ఆగిపోయాయి. అతను చెయ్యి చాచి రాతి రాకెట్ పిడిని తాకాడు.

"మేడమ్ నా చేతికి మొదట ఇచ్చింది ఇదే," అన్నాడు.

అతని వెనకే ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. జుట్టు నెరిసినవాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. అందరూ వంగి అక్కడే తాకారు. హరీష్ నమ్మలేకపోయాడు, ఇది తను చేసిందేనా?

"వర్షిణీ," అన్నాడు మెల్లగా. "నువ్వంటే నాకు ఇష్టం. పెండ్లి చేసుకుంటావా?"

వర్షిణి షామియానా వైపు తిరిగింది. అక్కడ పుల్లయ్య, ఆమె తల్లి రామసుబ్బమ్మ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఎప్పటి నుంచో కబుర్లాడుకుంటున్నారు.

"మామా!" అని గట్టిగా పిలిచింది వర్షిణి. "మీవాడు ఇప్పటికి అడిగినాడు!"

"మామా" అన్న మాటకు హరీష్ బొమ్మలా నిలబడిపోయాడు.

"హమ్మయ్య!" అన్నాడు పుల్లయ్య. "మేము ముహూర్తం దాకా వచ్చినాంలే, బేగా రండి ఈడికి!"