సీటు వెనక పట్టిన చెయ్యి

కాలువ కట్ట మీద బండ్లు తిరగవు. ఎడ్లబండ్లు ఎక్కితే కట్ట తెగుతుందని మొదట్లోనే రెండు రాతి కడీలు పాతారు. వాటి సందులోంచి మనిషి పోవచ్చు, గొర్రె పోవచ్చు, సైకిల్ పోవచ్చు. ఒకవైపు నీళ్లు. ఇంకోవైపు దిగువన వరి మడులు, వాటి వెనక ఎర్ర దిబ్బలు, తాటిచెట్లు. నకిరేకల్ సడక్ మీద పోయే లారీల రొద ఇక్కడిదాకా రాదు. మా ఆయన ఇస్రాయేలు నాకు సైకిల్ నేర్పింది ఆ కట్ట మీదే.

ఆయన కాలువ మీద లస్కరు. తూముల తలుపులు ఎత్తడం, దించడం, గండి పడితే కబురు చేర్చడం ఆయన పని. ఆ ఏడే నాకు కాలువ చివరి ఊళ్లో పంతులమ్మ కొలువు దొరికింది. ఆ ఊరికి బస్సు లేదు. నడిచిపోవాలంటే కోడి కూయకముందే లేవాలి. మిషన్ దవాఖాన నర్సమ్మ బదిలీ మీద పోతూ తన సైకిల్ అమ్మితే ఇస్రాయేలు కొనుక్కొచ్చాడు. ఆడవాళ్లది. నడుమ రాడ్డు లేదు.

"ఊరంత నవ్వుతది," అన్నాను.

"ఊరు కట్ట మీదికి రాదు గదనే జానా," అన్నాడు.

రోజూ పొద్దు వాలే యాళకు ఇద్దరం పోయేవాళ్లం. నేను సైకిలెక్కితే ఆయన సీటు వెనక పట్టుకొని ఉరికేవాడు. ఒకసారి చెప్పకుండా విడిచిపెట్టాడు. కొంచెం దూరం పోయి తుమ్మకంపలో పడ్డాను. చెయ్యంతా గీరుకుపోయింది. ఏడ్చాను, తిట్టాను. ఆయన ముళ్లు తీస్తూ నవ్వాడు.

"సరే, ఇంకెన్నడు ఇడువ. నువ్వు ఇడువుమన్నదాక పట్టుకునే ఉంట."

ఆ మాట నేను ఎప్పుడూ అనలేదు. అనాలనిపించలేదు. టైరు చెప్పుల చప్పుడు, బీడీ వాసన, నా వెనక ఆయన రొప్పు... సైకిల్ రావడం కన్నా అవే బాగుండేవి.

వానకాలం వచ్చింది. కాలువ నిండా ఎర్రనీళ్లు. ఒక సాయంత్రం తూము తలుపు దించడానికి పోయిన ఇస్రాయేలు మళ్లీ రాలేదు. గొర్ల గాలయ్య మర్నాడు పొద్దున్నే వచ్చి మా వాకిట్లో నిలబడ్డాడు. తలకున్న రుమాలు తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడంతే. దిగువన తుంగలో చిక్కుకుని దొరికాడు ఇస్రాయేలు. ఒక్క చెప్పు కూడా దొరకలేదు. ఉత్త కాళ్లతోనే సమాధిలో పెట్టాం.

ఇంట్లో నేనూ, మా అత్త సుక్కమ్మా మిగిలాం. ఆమెకు ఒక్కడే కొడుకు. పొయ్యి ముందు కూర్చుని, మంట ఆరిపోయినా లేచేది కాదు. కొన్నాళ్లకు బడికి పోక తప్పలేదు. మట్టికొట్టుకుపోయిన సైకిల్‌ను తుడుచుకుని కట్ట మీదికి తీసుకుపోయాను.

పొద్దున పూట నడిపించుకుంటూనే పోయాను. ఎక్కే ధైర్యం రాలేదు. సాయంత్రం తిరిగి వస్తుంటే పొద్దు గూకింది. కట్ట మీద నరపురుగు లేదు. ఏమైతే అదైతదని ఎక్కాను. హ్యాండిల్ వణికింది. సైకిల్ నీళ్లవైపు వాలింది. ఇక పడ్డాననుకున్నాను.

పడలేదు.

సీటు వెనక ఎవరో పట్టుకున్నారు.

సైకిల్ నిటారుగా నిలబడింది. నా వెనక దుమ్ములో మెత్తగా అడుగుల చప్పుడు. ఉరుకుతున్న అడుగులు. ఒళ్లు జల్లుమంది. కాని భయంతో కాదు... కళ్ల నిండా నీళ్లు తిరిగి ముందటి దారి కనిపించలేదు. కనిపించకపోయినా తొక్కాను. రాతి కడీల దగ్గర ఆగేసరికి పట్టు పోయింది. వెనక్కి తిరిగితే కట్ట ఖాళీ.

ఆ రోజు నుంచి బడి నుంచి కావాలనే ఆలస్యంగా బయల్దేరేదాన్ని. పొద్దు గూకితేనే ఆయన వచ్చేవాడు. నేను మాట్లాడేదాన్ని కాదు, తిరిగి చూసేదాన్ని కాదు. మాట్లాడితే, చూస్తే పోతాడేమోనని భయం. చెప్పుల చప్పుడు లేదే అని ఒకసారి అనుమానం వచ్చింది. ఉత్త కాళ్లతో పంపినం గదా అనుకున్నాను. బీడీ వాసన రాలేదు. పాత ఒండ్రు వాసన, నీళ్లు తీసిన కాలువ అడుగు వాసన వచ్చేది. నీళ్లల్ల పోయిన మనిషి గదా అనుకున్నాను. మనసు ఒప్పుకోవాలనుకుంటే దేనికైనా ఒక జవాబు వెతుక్కుంటుంది.

ఒకనాడు గాలయ్య గొర్లు తోలుకుంటూ ఎదురొచ్చాడు. దిగి నిలబడ్డాను.

"పంతులమ్మా, గింత పొద్దువోయి రాకు," అన్నాడు మెల్లగా.

"ఎందుకు గాలయ్యా?"

"నువ్వు ఒస్తుంటే గొర్లు పక్కకు జరుగుతయి. అది మామూలే. నువ్వు దాటిపోయినంక గూడ జరిగే ఉంటున్నయి. నడుమల జాగ ఇడిసిపెట్టి, తలకాయలు కిందికేసి నిలబడుతున్నయి. ఎంత అదిలిచ్చినా కదలవు." అటూ ఇటూ చూశాడు. "గా జాగల నుంచి ఎవలు పోతున్నరో నాకైతే కనపడ్తలేదు."

నాకు లోపల సంతోషమే అయింది. నేను ఒక్కదాన్నే అనుకోవడం లేదు, గొర్లకు కూడా తెలుసు.

ఆ రాత్రి అత్తకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆమె గిన్నె కింద పెట్టి నా మొహంలోకి చూసింది.

"నిజంగనేనా బిడ్డా? ఉరుకుతున్నడా?"

"ఉరుకుతున్నడు అత్తా."

"నన్ను గూడ ఒక్కసారి తీస్కపోవా? నేనేం మాట్లాడ. అడుగుల చప్పుడు ఇని ఒస్త."

ఆదివారం ప్రార్థన అయినంక తీసుకుపోతానని మాటిచ్చాను.

ఆదివారం రాకముందే ఆ సాయంత్రం వచ్చింది. పడమటన మబ్బు కమ్మింది. గాలి లేదు. కాలువ నిండుగా, చప్పుడు లేకుండా పోతోంది. కప్పలు కూడా అరవడం లేదు. సైకిల్ ఎక్కగానే సీటు వెనక పట్టు పడింది. అడుగులు మొదలయ్యాయి. వెయ్యి మాటలు గొంతుదాకా వచ్చాయి. ఇన్నాళ్లూ ఆపుకున్నాను... ఆ రోజు ఆగలేకపోయాను. అత్త మొహం కళ్ల ముందు మెదిలింది. ఒక్క మాటన్నా ఆమెకు తీసుకుపోవాలనిపించింది.

"ఏమయ్యా... పట్టుకున్నవా?"

అడుగులు ఆగలేదు.

"ఏమయ్యా..."

అప్పుడు వినిపించింది ఇస్రాయేలు గొంతు. అదే గొంతు. కాని నా వెనక నుంచి కాదు. చాలా దూరం నుంచి, తూము దగ్గరి నుంచి, నడుమ నడుమ తెగిపోతూ...

"జానా... నేను ఎప్పుడో ఇడ్సిపెట్టిన... దిగు..."

తొక్కడం ఆపాను.

సీటు వెనక పట్టు అట్లనే ఉంది.

అడుగులు నా వెనకనే ఉన్నాయి. దగ్గరగా. రొప్పు లేదు. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా రొప్పు వినలేదని అప్పుడు తెలిసింది. ఒండ్రు వాసన మెడ మీదికి వచ్చింది. సీటు మెల్లగా వాలుతోంది... నీళ్లవైపు. హ్యాండిల్ ఇటు తిప్పాను. తిరగలేదు. చిన్నపిల్లను నడిపించినట్టు, ఓపికగా, అటే తీసుకుపోతోంది.

దూకాను. కట్టకు ఈవలి వైపు, మడుల్లోకి దొర్లిపోయాను.

తల ఎత్తి చూశాను. సైకిల్ పడలేదు. మనిషి లేకుండా, నిటారుగా, కట్ట మీద పోతూనే ఉంది. ఫ్రీవీలు టిక్కు టిక్కుమంటోంది. కొంచెం దూరం పోయి మెల్లగా నీళ్లవైపు తిరిగింది. కట్ట అంచు దాటి దిగింది. చెవులు రిక్కించి విన్నాను.

నీళ్లల్ల పడ్డ చప్పుడు రాలేదు.

లేచి తూము వైపు ఉరికాను. "ఇస్రాయేలూ" అని అరిచాను. పెళ్లయినంక ఆయన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. గొంతు పోయేదాకా పిలిచాను. చీకట్లో నీళ్లు పోతున్నాయి. అంతే. ఇన్ని సాయంత్రాలూ ఆయన అక్కడ ఒక్కడే నిలబడి నన్ను పిలుస్తూ ఉన్నాడేమో. నేనే ఇంకెవరి చేతిలోనో ఉండి వినలేదేమో. ఆ ఒక్క ఆలోచన నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

మర్నాడు కాలువ నీళ్లు తగ్గించి వెతికారు. సైకిల్ దొరకలేదు.

అత్త నన్ను అడిగింది, "మాట్లాడిండా బిడ్డా?"

"మాట్లాడిండు."

"ఏమన్నడు?"

దిగమన్నాడని చెప్పలేకపోయాను. ఆ ముసలి కళ్లు చూస్తూ చెప్పలేకపోయాను. "మంచిగున్న అన్నడు అత్తా. నిన్ను అడిగిండు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఆమె అట్లా ఏడవడం సమాధి నాడు కూడా చూడలేదు.

నేను నడిచే పోతున్నాను, కట్ట మీద కాదు, మడుల గట్ల వెంబడి, పొద్దుండగానే తిరిగి వచ్చేట్టు. ఇవాళ బడి నుంచి వచ్చేసరికి ఇల్లు తెరిచి ఉంది. అత్త లేదు. పొయ్యి చల్లగా ఉంది. ఊరంతా వెతికాను. చీకటి పడ్డంక ఇంటికొచ్చి దీపం తీసుకుని, రాతి కడీల దగ్గరికి ఉరుకుదామని గడప దాటుతుండగా ఆమే ఎదురొచ్చింది. నవ్వుతోంది. ఏడాదిగా చూడని నవ్వు.

"ఏడికి పోయినవ్ అత్తా?"

"కట్ట మీదికి. ఒచ్చిండు బిడ్డా. నీ సైకిల్ మీద ఒచ్చిండు. ఎక్కు అవ్వా, తిప్పుత అన్నడు. కాళ్లు గుంజుతున్నయి కొడుకా, ఇంటికే రా, ఎక్కుత అన్న నేను."

దీపం దగ్గరికి తెచ్చి చూశాను. ఆమె చీర నడుము దాకా తడిసి ఉంది. కుచ్చెళ్ల నుంచి ఎర్రటి ఒండ్రు నేల మీద కారుతోంది.

వాకిట్లో సైకిల్ స్టాండు వేసిన చప్పుడైంది.

"అగో," అంది అత్త, కొంగు సర్దుకుంటూ.