పన్నెండు గీతల షాఫ్ట్

మధ్యాహ్నం రెండింటిలోపు చేయవలసిన పనులు:
ఒకటి, కోరుట్లలో ఎల్లేశం లేత్ దుకాణం చేరాలి.
రెండు, అక్కడున్న మన ఏజెంట్‌ను కోడ్‌తో గుర్తుపట్టాలి.
మూడు, సిరిసిల్లకు పోయే మగ్గం షాఫ్ట్‌లో బాంబు ఉందో లేదో తేల్చాలి.
నాలుగు, రుజువు లేకుండా దాన్ని ఆపకూడదు.
ఐదు, ఈ కాగితం మింగేయాలి.

ఏజెంట్ కరుణాకర్ ఐదోది ముందు చేశాడు.

అది 2011, సకల జనుల సమ్మె. జగిత్యాల సేఫ్‌హౌస్‌లో చీఫ్ బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగించాడు.

"సాయంత్రం సిరిసిల్ల ఊరేగింపులో ట్రాక్టర్ మీద మగ్గం నడుపుతరు. దానికి బయట చేయించిన కొత్త షాఫ్ట్ కోరుట్ల మీదుగా పోతోంది. అందులో బాంబు పెట్టింది విదేశీ ముఠా కోబాల్ట్ అని టిప్. పేలితే ప్రాణాలు పోతయి, నింద ఉద్యమం మీద పడుతది."

"ఊరికే ఆపేస్తే?"

"పోలీసులు ఊరేగింపును అడ్డుకున్నరని గొడవలు. కోబాల్ట్‌కు అదీ లాభమే."

స్పేర్ పార్టుల ఏజెంట్ వేషంలో కరుణాకర్ బైకెక్కాడు.

దుకాణం షట్టర్ సగమే లేచి ఉంది. లోపల నల్ల కళ్లద్దాలు, మడత చెదరని చీర, చేతికి ఖరీదైన వాచ్. క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ వేషంలో నవనీత.

"మెట్‌పల్లిల పసుపు ఎండిందా?" అడిగాడు కరుణాకర్.

"గోదారి గాలి తగలాలె."

కోడ్ సరిపోయింది.

"అనుమానం అక్కర్లేదు," అంది నవనీత. షాఫ్ట్ లేత్‌కున్న చక్ పట్టులో బిగించి ఉంది. దాని పక్కన వంకర కొలిచే తన డయల్ గేజ్ నిలబెట్టింది. "లోపల తొలిచి అతికితే ఎక్కడో వంకర తేలాలి. తిప్పించండి."

"సమ్మెల మోటర్ ఆన్ చెయ్య మేడం," అన్నాడు లేత్ దగ్గరున్న ఎల్లేశం. "షాఫ్ట్ చూసుడే గదా. చేతితోని తిప్పుత."

తిప్పాడు. ముల్లు సున్నా మీద శిలలా నిలిచింది.

"పర్ఫెక్ట్," అంది నవనీత. "జీపులో ఎక్కించండి."

ఎల్లేశం చెయ్యి తీయలేదు. "ఆగుండ్రి. ముప్పై ఏండ్లసంది చేస్తున్న గీ పని. ఎంత మంచి షాఫ్టయినా ముల్లు ఒక గీతన్న ఊగుతది. అస్సలే కదలలేదంటే అది షాఫ్ట్‌కు తాకనే లేదన్నట్టు."

"నాకు నేర్పుతున్నవా?"

"నేర్పుతలేను మేడం. మా చెల్లె అంజవ్వ ఆ మగ్గం పక్కపొంటే నిలవడతది. తెల్వకుండ పంప."

తన గేజ్ తెచ్చాడు. అయస్కాంతం స్టాండు లేత్ బెడ్‌కు టక్కున అతుక్కుంది. ముల్లు ఒక పూర్తి చుట్టు తిరిగేదాకా గేజ్‌ను షాఫ్ట్‌కు నొక్కి, సున్నా కలిపి, చేతితో తిప్పాడు. రెండు గీతలు. స్టాండు జరిపి మళ్లీ తిప్పాడు. రెండు. కొసకు జానెడు దూరంలో ముల్లు పన్నెండుకు ఎగిరింది. ఒక్కో గీత మిల్లీమీటరులో వందో వంతు.

"గిక్కడ కోసి మరలు పెట్టిండ్రు సారూ. కంటికి కనవడకుంట అరగదీసిండ్రు."

నవనీత చేతిలోకి పిస్టల్ వచ్చింది. కోడ్ మనదే, మనిషి మాత్రం కోబాల్ట్ మనిషి. ఎల్లేశం స్టాండు పీకి ఆ పిస్టల్ మీద కొట్టాడు. రెండు కిలోల ఇనుము గొట్టానికి అతుక్కుంది. చెయ్యి కిందికి వాలింది. పిస్టల్ వదిలేసి, వాచ్ మీద బటన్ నొక్కి ఆమె బయటికి దూకింది.

షాఫ్ట్‌లో టిక్ టిక్ మొదలైంది.

"పైప్ రెంచి అందుకో సారూ. ఆ పన్నెండు గీతల కాన్నే పట్టు. చక్ నేను ఆపుత."

"నువ్వు బయటికి పో ఎల్లేశం."

"నా దుకాణంల నన్ను పొమ్మంటవా? తిప్పు."

మర కదిలింది. కొస ఊడింది. కరుణాకర్ వేళ్లు లోపలి బ్యాటరీ తీగను పట్టి లాగాయి. లోపలి టైమర్ అంకె ఒకటి దగ్గర ఆగింది.

నవనీత చౌరస్తా దగ్గర దొరికింది. ఆమె జీపును కోరుట్ల సమ్మె ఊరేగింపు దిగ్బంధించింది. బస్సు కోసం నిలబడి ఉంది పాపం, బస్సులే తిరగని సమ్మె రోజున.

సిరిసిల్లలో మగ్గం పాత షాఫ్ట్‌తోనే నడిచింది.

రిపోర్టు రాస్తుంటే ఎల్లేశం ఒకటే అడిగాడు. "సారూ, నా పేరు రాయకుండ్రి. సమ్మెల దుకాణం తెరిచిండంటే ఊళ్ల ముఖం ఎట్ల చూపియ్యాలె?"

అందుకే ఫైల్లో ఆయన పేరు లేదు. మీరైనా గుర్తుపెట్టుకోండి: కోరుట్ల ఎల్లేశం. షట్టర్ సగమే లేపాడు. మోటర్ మాత్రం ఆన్ చేయలేదు.