మొదటి కారు ఆవిడ

నేను పని చేసే కళ్ళజోళ్ళ షాపు ఉన్న కాంప్లెక్సులో, నేల కింద రెండో అంతస్తులో, కార్లు ఛార్జింగ్ పెట్టుకునే చోటుంది. ఛార్జర్లు రెండు. ఒకటి పెట్టిన వారానికే మూగబోయింది. దాని మీద అంటించిన ‘పని చేయదు’ కాగితం మాత్రం నిక్షేపంలా ఉంది. రెండోదాని ముందు ఎప్పుడూ లైనే.

ఆ లైన్లో ఉన్నంత మర్యాద వియ్యాలవారి మధ్య కూడా ఉండదు. ఎనభై శాతం నిండగానే తీసెయ్యాలి. తీసిన ఛార్జింగ్ గన్ను కొక్కేనికి తగిలించి పోకూడదు, వెనక కారు మనిషి చేతిలో పెట్టాలి. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే, ముందున్న ఒక్కొక్క కారు దగ్గరికీ వెళ్ళి, కారణం నోటితో చెప్పి, ‘సరే’ అనిపించుకుని ముందుకు పోవచ్చు. ఒక్కరు కాదన్నా కుదరదు. ఇంతవరకూ కాదన్నవాళ్ళు లేరు. అబద్ధం చెప్పినవాళ్ళు కూడా లేరు, నేను చెప్పేదాకా.

ఆ సాయంత్రం ఫైనల్ మ్యాచ్. పైన కుండపోత వాన. షాపు ఓనర్ కాళ్ళా వేళ్ళా పడి ముందే బయటపడ్డాను. తీరా కిందికొచ్చి చూస్తే నా కారులో ఇల్లు చేరేంత ఛార్జింగ్ లేదు, లైన్లో నా ముందు మూడు కార్లు. నా ముందు టాక్సీ డ్రైవరు. అతని ముందు లెక్కల టీచరు, రిటైరైనావిడ. ఆవిడ కళ్ళజోడు నేను చేసిందే. అన్నిటికన్నా ముందు, ఛార్జర్ పక్కనే, బూడిద రంగు పాత కారు. అందులో ఎవరున్నారో కనబడలేదు.

సగం ట్యూబులైట్లు వెలగడం లేదు. ర్యాంపు మీదుగా వాన నీళ్ళు జారి మోరీలోకి పోతున్న చప్పుడు. తడి సిమెంటు వాసన. అక్కడ గంటన్నర కూర్చోవాలంటే నా వల్ల కాలేదు. మ్యాచ్ అప్పటికే మొదలైంది.

దిగి డ్రైవర్ అద్దం మీద తట్టాను.

“అమ్మకి బాలేదు. హాస్పిటల్‌కి వెళ్ళాలి.”

“అయ్యో, పో అన్నా పో. సరే.”

ఇంత సులువా అనుకున్నాను. మా అమ్మ ఆ సమయానికి ఇంట్లో గుండ్రాయిలా ఉంది. పక్కింటివాళ్ళ మిక్సీ చప్పుడు మీద విసుక్కుంటూ ఉండి ఉంటుంది. ‘పైన తథాస్తు దేవతలుంటారు, నోటి వెంట చెడు మాట రానీకు’ అని నన్ను చిన్నప్పటి నుంచీ కసురుతూనే ఉంది. రెండంతస్తులు దిగి ఈ కిందికి వాళ్ళెందుకొస్తారులే అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

టీచర్ దగ్గరికొచ్చేసరికి ఒంట్లో బాలేకపోవడం కాస్తా గుండెపోటైంది. ఎందుకలా పెంచానో నాకే తెలియదు. అబద్ధానికి ఆకలెక్కువ. ఆవిడ గబగబా సంచి వెతికి మంచినీళ్ళ సీసా తీసి నా చేతిలో పెట్టింది.

“గొంతు తడుపుకో నాయనా. చేతులు వణుకుతుంటే బండి నడపకూడదు.”

నా చేతులు వణకడం లేదు. ఆవిడకి అలా కనబడ్డాయి, అంతే. ఆ నీళ్ళు తాగాను. సిగ్గులేని గొంతులో చల్లగా దిగాయి.

ఇక మిగిలింది మొదటి కారు. దగ్గరికెళితే రేడియో లేదు, లోపల దీపం లేదు. అద్దం రెండు వేళ్ళంత దిగింది. తడి దూది వాసన, ఫినాయిల్ వాసన… లోపల ఒక పెద్దావిడ. మధ్యలో ఉబ్బిన మందపాటి అద్దాల కళ్ళజోడు. ముందుగా నా కళ్ళు ఎవరిలోనైనా చూసేది అదే. అంత మందం అద్దాల వెనక కళ్ళు గుడ్లగూబ కళ్ళలా పెద్దవిగా కనబడాలి. ఆవిడవి మామూలుగానే ఉన్నాయి.

“ఎవరికి?” అంది. గుసగుస.

“మా అమ్మకి. గుండె…”

“ఎప్పటి నుంచి?”

“ఇప్పుడే.”

“ఏం కట్టుకుంది?”

అదేం ప్రశ్నో అర్థం కాలేదు. తప్పించుకోవడానికి పొద్దున చూసిందే చెప్పాను. “ఆకుపచ్చ చీర.”

“ఎక్కడ పడుకోబెట్టారు?”

నేనెప్పుడూ ఆసుపత్రి గది సరిగ్గా చూసినవాణ్ణి కాదు. ఊహ అందక మా ఇంటి వెనక గదినే చెప్పాను. కిటికీ పక్క మంచం. గోడకి పెచ్చులూడిన సున్నం. తల దగ్గర స్టూలు. ఆవిడ ఒక్కో మాటకీ తలాడించింది.

“సరే,” అంది.

దిగింది. తన కారు నుంచి గన్ను లాగి నా చేతిలో పెట్టింది. మంచు ముక్కలా ఉంది ఆ గన్ను. ఆవిడ వేళ్ళు కాదు, గన్ను. ఆవిడ వేళ్ళు తగిలినట్టే తెలియలేదు. కారెక్కి ర్యాంపు మీదుగా వెళ్ళిపోయింది. చప్పుడు లేకుండా. కరెంటు కార్లకి చప్పుడుండదు కదా అని సర్దిచెప్పుకున్నాను.

నా కారు ముందుకి తెచ్చి ఛార్జింగ్ పెట్టాను. ఫోన్లో స్కోరు చూద్దామని తీస్తుంటే డ్రైవర్ పక్కకొచ్చి నిలబడ్డాడు. ఫోను జేబులో దాచాను.

“ఇక దిగులు పడకు అన్నా. ఆవిడ వెళ్ళిందిగా.”

“ఎక్కడికి?”

“మీ అమ్మగారి దగ్గరికే. నీకు తెలీదా? ఆవిడకి ఛార్జింగ్ అక్కర్లేదు. ఊరికే లైన్లో ఉంటుంది. ఎవరైనా ప్రాణం మీదికొచ్చిందంటే తన వంతు ఇచ్చేసి, వెళ్ళి ఆ మనిషి పక్కన కూర్చుంటుంది. మా బాబాయి పక్కన కూడా కూర్చుంది. చెయ్యి పట్టుకుంది. నొప్పి తెలీకుండా పోయాడు.”

“పోయాడా?”

అతను నా వంక వింతగా చూశాడు. “మరి ప్రాణం మీదికొచ్చిందనే కదా అన్నా చెప్పింది.”

నవ్వబోయాను.

“ఎప్పుడైనా… వెనక్కి వచ్చిందా?”

“ఒక్కసారి. ఒకాయన భార్యకి తగ్గిందని ఫోనొచ్చింది. ఆయన మళ్ళీ ఒక్కొక్క కారు దగ్గరికీ వెళ్ళి, అక్కర్లేదని చెప్పి, ఇచ్చిన ‘సరే’ వెనక్కిచ్చేశాడు. దాంతో ఆవిడ మలుపులోంచే తిరిగొచ్చేసింది.” భుజం తట్టి తన కారెక్కాడు.

ఫోను సిగ్నల్ కోసం ర్యాంపు పైదాకా పరిగెత్తి అమ్మకి చేశాను.

“ఏరా, ఎవరో ఆవిడని పంపావట?”

మా ఇంటికి ఎంత లేదన్నా అరగంట దారి. ఆవిడ వెళ్ళి ఐదు నిమిషాలు కాలేదు.

“అమ్మా… తలుపు తియ్యకు.”

“తీశానుగా. వానలో నిలబడ్డ మనిషిని బయటుంచుతానా?” అమ్మ గొంతు తగ్గించింది. “వెనక గదిలో కూర్చుంది. మంచం పక్కన స్టూలు మీద. తిన్నగా అక్కడికే పోయిందిరా, ఇల్లంతా తెలిసినట్టు. నాకు గుండెపోటని నువ్వు చెప్పావంటోంది. నిజమేనా అని అడుగుతోంది…”

కట్ అయింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

ఏం చేయాలో తెలుసు. ఇద్దరికి నిజం చెప్పాలి. రెండే మాటలు. అమ్మ బాగుంది, నేను మ్యాచ్ కోసం అబద్ధమాడాను. అంతే.

టీచర్ కారు దగ్గరికెళ్ళాను. అద్దం దించింది. ఏడ్చి ఉంది. నేను నోరు తెరిచేలోపే నా చెయ్యి పట్టుకుంది.

“మా అమ్మ పోయేటప్పుడు నేను అందుకోలేకపోయాను నాయనా. ఇలాగే ఎక్కడో లైన్లో ఇరుక్కుపోయాను. నువ్వు అందుకోవాలి. నాకు ఆ తృప్తి చాలు.”

వెనక డ్రైవర్ తల బయటపెట్టి చూస్తున్నాడు.

ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడే… నాలుక మీద మాట ఉంది. ఆవిడ కళ్ళల్లోకి చూడలేక, నేను బిగించిన ఫ్రేము స్క్రూల వంక చూశాను. నిజం చెబితే ఆ ముఖం ఎలా మారుతుందో కళ్ళకి కట్టింది. అక్కడ అమ్మ పక్కన ఆ మనిషి కూర్చుని ఉంది. ఇక్కడ నాకు పరువు అడ్డొచ్చింది. ఇంతకన్నా నీచంగా చెప్పడం నాకు చేతకాదు.

“థాంక్స్ టీచర్,” అన్నాను. “హాస్పిటల్ నుంచి ఫోనొచ్చింది. వెళ్ళాలి.”

ఇంకో అబద్ధం. గన్ను తీసి ఆవిడ చేతిలో పెట్టాను, మర్యాదగా. ఎక్కిన కాస్త ఛార్జింగుతోనే బయల్దేరాను.

దారంతా వాన. ఛార్జింగ్ అయిపోతుందని ఏసీ ఆపేస్తే అద్దానికి ఆవిరి పట్టింది. చేత్తో తుడుస్తూ, ఏడుస్తూ నడిపాను. ఇప్పుడైనా వెనక్కి తిరిగి చెప్పొచ్చని ప్రతి మలుపులోనూ అనిపించింది. తిరగలేదు.

మా వీధిలో బూడిద రంగు కారు లేదు. గుండె కుదుటపడింది. తలుపు ఓరగా తీసి ఉంది. ముందు గదిలో దీపం లేదు. తడి దూది వాసన… ఫినాయిల్ వాసన…

“అమ్మా!”

“ఇక్కడున్నానురా. అరవకు.”

వెనక గదిలో, కిటికీ పక్క మంచం మీద పడుకుని ఉంది. స్టూలు ఖాళీ. నేలంతా చూశాను. వానలో వచ్చిన మనిషివి ఒక్క తడి అడుగు కూడా లేదు.

మోకాళ్ళ మీద కూలబడి అంతా కక్కేశాను. మ్యాచ్ గురించి, టీచర్ గురించి, నీళ్ళ సీసా గురించి. అమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“నాకు తెలుసురా,” అంది. “నువ్వు అబద్ధమాడావని ఆవిడ అడగగానే తెలిసిపోయింది. సిగ్గేసింది. పరాయి మనిషి ముందు నా కొడుకుని అబద్ధాలకోరుని చేస్తానా? నిజమేనమ్మా, పొద్దున్నుంచీ గుండెల్లో నొప్పిగానే ఉంది, మావాడు అబద్ధం చెప్పడు అన్నాను.”

“అమ్మా… ఆవిడేమంది?”

“సరే అంది. పడుకోమంది. లైన్లో వాళ్ళందరూ ఒప్పుకున్నారట. నా ముందు ఇక ఎవరూ లేరంది.”

“ఎప్పుడు వెళ్ళింది?”

అమ్మ గోడవైపు కొంచెం జరిగి, మంచం మీద చోటిచ్చింది. నేను లేచి అక్కడ కూర్చోబోయాను.

“నీక్కాదురా,” అంది.